సవతి పెట్టె

పెద్దకర్మ కార్డు మీద, ఆమె ఫోటో కింద 'శాంతమూర్తి' అని అచ్చు వేయించాడు కొడుకు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. మా వాళ్ళల్లో చనిపోయిన ఆడవాళ్ళందరూ శాంతమూర్తులే. బతికినన్నాళ్ళూ గయ్యాళి అన్న నోళ్ళే, ఫోటోకు దండ పడగానే ఆ మాట మింగేసి ఈ మాట తీస్తాయి. ఆమెతో ఒకే పొయ్యి దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి వండినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆమెకు కోపం. పొద్దున కళ్ళాపి చల్లేటప్పుడు కోపం, సంగటి కెలికేటప్పుడు కోపం, దేవుడికి దీపం పెట్టేటప్పుడు కూడా కోపం. ఊరికే వచ్చిన కోపం కాదది. ఎలా వచ్చిందో కార్డులో వేయరు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆమె నాకు తోడికోడలు. మా ఆయన అన్న భార్య. నేను అక్కా అనేదాన్ని. తిరుపతిలో మా అత్తగారి వాళ్ళది బట్టల అంగడి. ఒక తరం వెనక్కి పోతే నగరిలో మగ్గం నేసినవాళ్ళే. అంగడి పెట్టి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక ఇంట్లో మగ్గం మాటెత్తితే అందరికీ నామోషీ. అక్క మాత్రం నగరి నుంచే వచ్చింది. వాళ్ళ నాయన నేతగాడు, అక్కడి భజనగుంపుకు పెద్ద. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడే తాళంగా మగ్గం గుంటలో కూర్చుని పాటలు కట్టేవాడట. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆయన ముందు నడిచి పాడుతుంటే ఈమె వెనక అందుకునేదట. తమిళం పాటా పాడేది, తెలుగు పాటా పాడేది.

నేను కొత్తకోడలిగా వంటింట్లో అడుగుపెట్టిన రోజు ఆమె నన్ను అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"నీకు పాట వస్తాదా మే?"

"రాదక్కా."

"బతికిపోయినావు పో" అంది, చింతపండు పిసుకుతూ.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు. ఆమె పప్పు రుబ్బుతూ సన్నగా కూనిరాగం తీసేది. హాల్లో మగవాళ్ళ అడుగుల చప్పుడు వినిపిస్తే టక్కున ఆపేసేది. "అంగడోళ్ళ కోడలు పాట పూజగది దాటకూడదు. వాకిలి దాటితే అది పాట కాదు, అల్లరి" అనేది మా అత్త. బావ అలా గట్టిగా అనేవాడు కాదు. ఆయనది మెత్తని గొంతు. గొంతు పెంచి ఎరగడు. అందుకే ఊరంతా ఆయన్ని మంచివాడంది. మెత్తగా చెప్పి ఎంత పని చేయవచ్చో నేను ఆ ఇంట్లోనే చూశాను.

అక్కకు మనుషుల్ని తిట్టే అవకాశం లేదు కాబట్టి గిన్నెల్ని తిట్టేది. నీళ్ళబిందెతో, "నీకేమే, కడుపునిండా తాగి కదలకుండా కూచున్యావు" అనేది. పొంగిన పాలతో, "పొంగు, పొంగు. నువ్వన్నా పొంగు" అనేది. మా అత్తకు ఆ మాటలు ఎవరికి తగలాలో తెలుసు. కానీ పాలతో మాట్లాడిన కోడలిని ఏమని నిలదీస్తుంది?

డెబ్బైల మొదట్లో బావ మద్రాసు నుంచి టేప్‌రికార్డర్ తెచ్చాడు. ఇప్పటివాళ్ళు ఎరిగిన చిన్న క్యాసెట్టు కాదు. ట్రంకుపెట్టె అంత బరువు. మూత తీస్తే పైన రెండు చక్రాలు, ఒకదాని నుంచి ఇంకొకదానికి చుట్టుకునే గోధుమరంగు టేపు, లోపల వేడెక్కే గాజుబుడ్లు, ముందు ఒక పచ్చలైటు. గొంతు పెరిగితే ఆ పచ్చదనం వెడల్పయ్యేది, తగ్గితే సన్నబడేది. ఎర్రమీటనూ పక్కనున్న పెద్దమీటనూ కలిపి నొక్కితే రికార్డు అవుతుంది. "ఉన్నదాని మీద ఇంకోటి పట్టినామనుకో, ముందుది తుడిసిపెట్టుకోని పోతాది. జాగ్రత్త" అని బావ ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

పూజగది తలుపు మూసి, దుప్పటి అడ్డం కట్టి, ఫ్యాను ఆపి అక్క చేత పాడించాడు. మధ్యలో కాకి అరిస్తే మళ్ళీ మొదటినుంచీ. నేను దుప్పటి ఇవతల కూర్చున్నాను. అంత సంతోషంగా ఆమెను మళ్ళీ చూడలేదు. తన పాట తిరిగి వినిపించినప్పుడు మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి పెట్టె దగ్గరికి జరిగి కూర్చుంది. వాళ్ళ నాయన కట్టిన పాట అది. 'పడుగు నీవే, పేక నీవే, పలికే నాడె చప్పుడు నీవే' అని మొదలవుతుంది.

పాట అయిపోగానే ఆమె అడిగిన మాట ఒక్కటే. "మా నాయనకు వినిపిస్తారా?"

"దానికేం, తీసకపోదాం" అన్నాడు బావ.

అప్పటికే వాళ్ళ నాయన పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు. అక్కను నగరికి పంపడమంటే మా ఇంట్లో పెద్ద పంచాయితీ. పండగనో, పెళ్ళనో, అంగడికి సరుకు వచ్చిందనో ఏదో ఒకటి అడ్డం వచ్చేది. పంపినా పొద్దున పోయి సాయంత్రానికి రావాలి. అందుకే ఆమె మా అత్త ముందు నిలబడి, "నన్ను పంపకుంటే పోనీ అత్తా, నా గొంతన్నా పంపండి" అనేది.

నగరి నుంచి చీరల మూటలు తెచ్చే మనిషి వచ్చినప్పుడల్లా కబురు తెచ్చేవాడు. "మీ నాయన అడగమన్యాడమ్మా. పాప గొంతు పెట్టెలో ఉండాదంట గదా, ఒకసారి తెమ్మన్యాడు."

బావ ప్రతిసారీ మెత్తగానే చెప్పేవాడు. "బస్సు కుదుపులకు లోపల బుడ్లు పగిలిపోతాయి. రైల్లో పోదాం, ఉండు."

ఈలోగా ఆ పెట్టె హాల్లో కొలువు తీరింది. బావ దానికి మఖమల్ గుడ్డ కుట్టించాడు. కొండ మీద ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసేవాళ్ళూ, లాడ్జీల ఓనర్లూ ఇంటికి వస్తే కుర్చీలు వేసి, గుడ్డ తీసి, చక్రాలు తిప్పి వినిపించేవాడు. ఒకరోజు అక్క కాఫీలు పట్టుకుని తెర వెనక నిలబడింది. నేను ఆమె వెనక ఉన్నాను. హాల్లో ఆమె పాట అయిపోయింది.

"ఏం గొంతబ్బా! ఎవరిది?" అన్నాడు వచ్చినాయన.

"మద్రాసులో ఎవరో ఒకామె లెండి. తెలిసినోళ్ళు పట్టిచ్చినారు" అన్నాడు బావ.

అక్క చేతిలో ట్రేను గడప మీదే పెట్టేసి గిర్రున వెనక్కి తిరిగింది. నేను దాన్ని తెర పక్క నుంచి బావకు అందించి వంటింట్లోకి వచ్చేసరికి ఆమె పొయ్యిలోకి పుల్లలు తోస్తూ ఉంది, అక్కర లేకపోయినా.

"ఎవురు పాడినారు మే ఆ హాల్లో?"

"నువ్వే గదక్కా."

"నేను కాదంట. మద్రాసులో ఉండే నా సవితంట. దాన్ని తెచ్చి హాల్లో కూచోబెట్టినారు. దానికి మఖమల్ కప్పతారు, దుమ్ము తుడస్తారు. పెద్దోళ్ళంతా వచ్చి దానెదురుగా కూచుంటారు. నేను దానికి కాఫీ కలపాల."

ఆరోజు నుంచి ఆమె ఆ పెట్టె పేరు పలకలేదు. సవతి అనే అనేది. "పో, సవితి పాడతాండాది, విని రా" అనేది నాతో. నవ్వుతూ అనేది కాదు.

బస్సు కుదుపులకు బుడ్లు పగులుతాయన్న ఆ పెట్టె, తిరుచానూరులో ఒక లాడ్జీ ఓనరు కూతురి పెళ్ళికి కారులో వెళ్ళింది. గుంతల రోడ్డు మీద వెళ్ళి, పాడి, గంధం బొట్టు పెట్టించుకుని క్షేమంగా తిరిగొచ్చింది. బుడ్లు పగల్లేదు. దాన్ని కారు నుంచి దించుతుంటే అక్క వాకిట్లో నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు భయమేసేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నగరి నుంచి చావుకబురు వచ్చింది. కర్మలన్నీ అయ్యాక తిరిగి వచ్చిన అక్క కళ్ళల్లో తడి లేదు. మడి చీర మార్చుకుని నేరుగా వంటింట్లోకి వచ్చింది.

"ఇంటెనక రైలు కూత పెడితే సాలంట, పెట్టె వచ్చినాదా అని అడిగేవాడంట మే మా నాయన. ప్రతి రైలుకూ అడిగినాడంట."

ఈ రోజు రాస్తుంటే కూడా నా పళ్ళు పటపటమంటున్నాయి. తిరుపతి నుంచి నగరి ఏమంత దూరం? పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే దిగుతాం.

ఒక మధ్యాహ్నం మగవాళ్ళు అంగడిలో ఉన్నారు. అత్త తిరుచానూరు గుడికి వెళ్ళింది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఆ ఎర్రమీట యాడుండాదో నీకు తెలుసు గదా, రా" అంది. నేను వెళ్ళాను. ఆమె ఏం చేయబోతోందో చెప్పలేదు. పాట పెట్టించింది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. "ఈడ ఆపు. ఇంగ రికార్డు నొక్కు" అంది. నొక్కాను. మైకు చేతిలోకి తీసుకుని, సంతలో ఎదుటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. పచ్చలైటు నిండుగా వెలిగింది. అయిపోయాక మఖమల్ గుడ్డ ముడత లేకుండా కప్పి వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయలు తరిగింది.

ఆదివారం పెద్ద విందు పెట్టాడు బావ. కొండ మీద ఉద్యోగి, ఆయన భార్య, తిరుచానూరు లాడ్జీ ఓనరు, ఆయన ముసలి తండ్రి, ఇంకా కొందరు. భోజనాలయ్యాక అందరూ హాల్లో సర్దుకుని కూర్చున్నారు. బావ గుడ్డ తీశాడు. చక్రాలు తిరిగాయి. పల్లవి. చరణం. కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. అప్పుడు పాట తెగింది. అదే గొంతు మాట్లాడింది.

"ఈ పాట పాడింది మద్రాసామె కాదు. నేను. ఈ ఇంటి పెద్దకోడల్ని. మీరు ఈడ కూచోని ఇంటా ఉంటే, నేను వంటింట్లో మీకు కాఫీ కలపతా ఉంటాను. ఈ పాట కట్టింది మా నాయన. నగరిలో మగ్గం నేసినాడు. మంచాన పడి, నా గొంతు ఒకసారి వినిపించమని అడిగినాడు. వినిపిస్తామన్యారు. వినిపించలేదు. మా నాయన పోయినాడు. మీరు మాత్రం బాగా విన్యారు. ఇంగ కాఫీ తాగి పోండి."

బావ మొదటి మాటకే పెట్టె మీదికి ఉరికాడు. కంగారులో చెయ్యి ఏ మీట మీద పడిందో, పెట్టెలో గొంతు ఎలుకపిల్లలా కీచుమంది. ముసలాయన ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండబ్బా. ఆమె మాట్లాడతాండాది గదా. ఇననీ."

ఆ వయసు మనిషిని విదిలించలేక బావ నిలబడిపోయాడు. ముసలాయన చెప్పి మీట సరిగ్గా పెట్టించాడు. చివరిదాకా విన్నారు.

తెర తొలిగింది. అక్క ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చింది. నేను ఆ ఇంట్లోకి వచ్చాక ఆమె బయటి మగవాళ్ళున్నప్పుడు హాల్లోకి రావడం అదే మొదటిసారి. ఒక్కొక్కరి ముందూ వంగి గ్లాసు ఇచ్చింది. "సక్కెర సాలకుంటే సెప్పండి" అంది. ఆ ఉద్యోగి భార్య గ్లాసు అందుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"మీరేనా అమ్మా?"

"నేనే."

వాళ్ళు కాఫీ తాగారు. ఏం చేయాలో తెలియక తాగారు. తాగి వెళ్ళిపోయారు.

బావ ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. ఎత్తి ఉంటే వీధి ఆయన్ని తప్పుపట్టేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. మర్నాడు అంగడికి పోలేదు. అక్క చేత అప్పుడప్పుడూ పాడించి పట్టిన టేపు చక్రాలన్నీ బల్ల మీద పేర్చుకున్నాడు. మైకు ఊడదీసి, ఎర్రమీట నొక్కి, ఒక్కొక్క టేపునూ మొదటి నుంచి చివరిదాకా ఉత్తినే తిప్పాడు. తిప్పుతూ పేపరు చదువుకున్నాడు. మధ్యలో టిఫిను తిన్నాడు. అన్నీ అయ్యాక అక్కను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. మమ్మల్నీ రమ్మన్నాడు.

"ఇను" అన్నాడు మెత్తగా.

చక్రాలు తిరిగాయి. సన్నగా బుస్సుమని చప్పుడు. ఇంకేమీ లేదు.

"ఇది నీ పాట." టేపు మార్చాడు. మళ్ళీ బుస్సు. "ఇది కూడా నీ పాటే." మరొకటి మార్చాడు. "ఇది మీ నాయన కట్టిన పాట."

"పోనీలే మ్మే, మగోడు, కోపమొచ్చినాది" అంది మా అత్త. "నువ్వు మధ్యలో దూరబాక" అన్నాడు మా ఆయన నాతో. ఆ ఇద్దరి మాటలూ నేను మరిచిపోలేదు. కోపమట! తీరిగ్గా టిఫిను తింటూ చేసిన పనికి కోపమని పేరు పెట్టారు. ఏళ్ళ తరబడి ఉడికిన మనిషికి మాత్రం గయ్యాళి అని పేరు.

అక్క లేచింది. ఏడుస్తుందేమో పట్టుకుందామని నేనూ లేచాను. ఆమె హాలు దాటి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, అరుగు మీద కూర్చుంది. కూర్చుని పాట ఎత్తుకుంది. 'పడుగు నీవే, పేక నీవే.' పూజగదిలో దుప్పటి చాటున పాడిన గొంతు కాదది. వీధి చివరిదాకా వినిపించింది. గుండు కొట్టించుకుని గంధం పూసుకుని పోతున్న యాత్రికులు ఆగారు. పూలమ్మే ఆమె గంప దించుకుని నిలబడింది.

అత్త లోపల్నుంచి, "ఏమే, వీదిలోనా?" అని గోల పెట్టింది.

"వీదిలోనే అత్తా" అని మళ్ళీ అందుకుంది.

పాట పూర్తయ్యాక లోపలికి వచ్చి బావ ఎదురుగా నిలబడింది. "పెట్టెలోది తుడిసినావు. దీన్ని తుడువు, సూద్దాం" అంది గొంతు మీద చెయ్యి పెట్టుకుని.

"నగరికి పంపించేస్తా" అన్నాడు బావ.

"పంపీ. బస్టాండు దాకా పాడుకుంటానే పోతా. బస్సులో కూడా పాడతా. మీ ఇంటిపేరు సెప్పి మరీ పాడతా."

పంపలేదు. పంపే ధైర్యం ఎక్కడిది? ఆమె రోజూ అరుగు మీద పాడింది. పూలామె వచ్చి కూర్చునేది, పక్కింటి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. బావ చేయగలిగింది ఒకటే. ఆమెతో మాట మానేశాడు. ఏదైనా కావాలంటే గోడను చూస్తూ, "కాఫీ కావాలని సెప్పు" అనేవాడు నాతో. కొడుకు పెళ్ళిలో పీటల మీద పక్కపక్కనే కూర్చున్నప్పుడు కూడా పంతులు చేత చెప్పించాడు. ఏళ్ళు గడిచాయి. ఆయన మెత్తదనానికి ఊళ్ళో పేరు ఇంకా పెరిగింది. ఆమె నోటికి చెడ్డపేరు ఇంకా పెరిగింది.

క్యాసెట్లు వచ్చిన కాలంలో ఒక కుర్రాడు చిన్న మిషను పట్టుకుని వచ్చి, "ఒక రెండు పాటలు పట్టుకుంటానమ్మా" అని బతిమాలాడు. "ఇనాలంటే రా నాయనా, నా ఎదురుగా కూచోని ఇను. మూట కట్టకపోవద్దు" అని పంపేసింది. అందుకే ఆమె పాట ఎవరి దగ్గరా లేదు.

ఎనభైల చివర్లో బావకు గుండె జబ్బు చేసింది. తిరుపతి ఆసుపత్రిలో పెట్టాం. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది. జావ తాగించేది, కాళ్ళు పట్టేది. ఒక మధ్యాహ్నం ఆమె మందుల కోసం బయటికి వెళ్ళినప్పుడు బావ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఆ నగరి పాట... ఒకసారి పాడమని సెప్పు."

అక్క తిరిగి రాగానే వరండాలోనే ఎదురెళ్ళి చెప్పాను. ఆమె చేతిలో మందుల పొట్లం అలాగే ఉంది.

"నాకు సెప్పడానికి నువ్వెందుకు మే? ఆయనకు నోరుండాది గదా. నన్నే అడగమను. 'పాడు' అంటే సాలు. ఒక్క మాట."

ఆ మాట తీసుకుపోయి బావకు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచాడు, ఆమెను చూశాడు, పెదవులు కదిలించాడు. తలను గోడవైపు తిప్పుకున్నాడు. మర్నాడూ అంతే. ఆమె కదలకుండా కూర్చుంది. ఆయన అడగలేదు. ఆ మర్నాడు తెల్లవారేసరికి పోయాడు.

కాగితాల పనులు చూడటానికి మగవాళ్ళు వెళ్ళారు. మేమిద్దరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. బండి కోసం చూస్తున్నాం. ఆమె పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి.

"అడిగుంటే పాడేదాన్నే మే" అంది. "ఆ రెండు దినాలూ గొంతు సరిసేసుకోనే కూచున్యాను."